తామర నుంచి అగ్గి తెగులు దాకా: ఒంటికీ చేనుకీ ఫంగస్ పడితే వరసగా ఏం చేయాలి

ఒడిశాలోని మా పర్లాకిమిడి బజారులో ఒకే వరసలో మందుల షాపూ కనిపిస్తుంది, పురుగుమందుల దుకాణమూ కనిపిస్తుంది. శ్రావణ భాద్రపదాల్లో రెండు చోట్లా వినిపించేది ఒకటే మాట: "ఏదో ఒక గట్టి మందు ఇవ్వు బావూ." ఒకాయన తొడ గోక్కుంటూ అడుగుతాడు, ఇంకొకాయన మచ్చలు పడ్డ వరి ఆకు చేత్తో పట్టుకుని అడుగుతాడు. ఇద్దరికీ పట్టింది ఫంగసే కావచ్చు, కాకపోనూ వచ్చు. అదేంటో చూడకుండా మందు కొనడం వల్లే మనం ఎక్కువగా నష్టపోతున్నాం.

నేను రెండు వైపులా దెబ్బ తిన్నాను. ఒక వానాకాలం నడుము కింద తామర వస్తే షాపులో ఇచ్చిన ట్యూబు రాశాను. మూడు రోజుల్లో దురద పోయింది. ట్యూబు అయిపోయిన వారానికి తామర రెండింతలై వీపు మీదికి పాకింది. మరో ఏడు చేనులో ఆకులు కొసల నుంచి ఎండుతుంటే అగ్గి తెగులనుకుని రెండుసార్లు పిచికారీ చేయించాను. అది అసలు ఫంగసే కాదు, బాక్టీరియా. మందు డబ్బులూ కూలి డబ్బులూ నీళ్ళలో పోశాను. కింద రాసిందంతా ఆ రెండు దెబ్బల తర్వాత డాక్టర్లనూ వ్యవసాయం వాళ్ళనూ విసిగించి నేర్చుకున్నది.

ముందు ఒక సందేహం తీర్చుకుందాం

"చేనుకు పట్టిన తెగులు మనుషులకు అంటుతుందా?" అని మా కాశీనగర్ వైపు చాలామంది అడుగుతారు. అగ్గి తెగులు మన చర్మానికి రాదు. తామర వరికి పట్టదు. ఏ ఫంగస్‌కు అలవాటైన ఇల్లు దానికుంది. అయితే రెండు చోట్లా బతకగల గడుసువి కొన్ని ఉన్నాయి. మొక్కల్ని వడలగొట్టే ఫ్యుజేరియం జాతి ఫంగస్‌లే కంటికి గాయమైతే అందులో చేరి చూపు తీసేస్తాయి. వేరుశనగ మీద పచ్చటి బూజులా పెరిగే ఆస్పర్‌జిల్లస్ విషం తయారుచేస్తుంది, కొందరిలో కంటిలోకీ ముక్కు గదుల్లోకీ కూడా చేరుతుంది. పంట జబ్బునూ ఒంటి జబ్బునూ ఒకే చోట రాయడానికి కారణం ఇదే. ఇంకో కారణం మందుల్లో ఉంది, దాని సంగతి తర్వాత.

మొదటి మెట్టు: జబ్బుకు సరైన పేరు పెట్టండి

మన ఊళ్ళలో చర్మం దురద పెడితే చాలు, "గజ్జి తామర" అని జంటగా అనేస్తాం. రెండూ వేరు. తామర ఫంగస్. గుండ్రంగా మొదలై, అంచు ఎర్రగా కాస్త లేచి, మధ్యలో మానినట్టు కనిపిస్తూ బయటికి పాకుతుంది. గజ్జి చర్మంలో బొరియ చేసుకునే సన్నటి పురుగు వల్ల వస్తుంది. వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ చిన్న పొక్కులు వస్తాయి, రాత్రి పడుకున్నాక దురద చంపేస్తుంది, ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి అంటుకుంటుంది. తామర మందు గజ్జిని ఏమీ చేయదు.

మెడ మీద, ఛాతీ మీద తెల్లగానో గోధుమ రంగులోనో మచ్చలు వచ్చి, గోటితో గీరితే పొట్టు రాలితే అది శోభి. ఇదీ ఫంగసే, అంత ప్రమాదం లేదు. కానీ పాలిపోయిన మచ్చ మీద గిచ్చినా తెలియకపోతే, వేడీ చల్లనా తెలియకపోతే అది శోభి కాదు. కుష్ఠు ఏమోనని ఆరోగ్య కేంద్రంలో చూపించుకోవాలి. ఒడిశాలో ఆ జబ్బు ఇంకా ఉంది, మందు ఉచితంగా ఇస్తారు, మొదట్లో పట్టుకుంటే వేళ్ళూ కళ్ళూ దక్కుతాయి. తల మీద రూపాయి బిళ్ళంత మేర నున్నగా జుట్టు ఊడితే మనం పేనుకొరుకుడు అంటాం. అది ఫంగస్ కాదు. పిల్లల తల మీద పొట్టు రేగి, వెంట్రుకలు మొదలంటా విరిగి, నల్లటి చుక్కల్లా కనిపిస్తే మాత్రం తలలో తామర. దానికి పైపూత చాలదు, డాక్టరు రాసిన మాత్ర వాడాల్సిందే.

ఇక్కడ మన భాష ఇబ్బంది ఒకటుంది. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా. ఆసుపత్రిలో తామరను జాదు అంటారు. మీరు "తామర" అంటే అవతల కొత్త డాక్టరుకు తామర పువ్వే గుర్తొస్తుంది. అగ్గి తెగులును ఒడియాలో మహిషా రోగం అంటారు. ఈ రెండు మాటలు గుర్తుపెట్టుకుంటే బ్లాక్ ఆఫీసులో సగం పని సులువవుతుంది.

చేనులో పోల్చుకోవడానికి ఇంకా తేలికైన గుర్తులున్నాయి. వరి ఆకు మీద మచ్చ రెండు కొనలూ సూదిగా, నడుమ ఉబ్బుగా, దారం కండెలా ఉండి, మధ్యలో బూడిద రంగు, అంచు గోధుమ రంగు ఉంటే అగ్గి తెగులు. అదే వెన్ను మెడ మీద పడితే మెడవిరుపు, గింజ తాలుపోతుంది. నీటి మట్టానికి కాస్త పైన కాండాన్ని చుట్టిన ఆకు మీద పాము చర్మంలా మచ్చలు పైకి ఎగబాకితే పాముపొడ. గింజ స్థానంలో పసుపు పచ్చటి ఉండ లేచి, తర్వాత ముదురు ఆకుపచ్చకూ నలుపుకూ తిరిగితే మానిపండు తెగులు, కొందరు కాటుక తెగులంటారు. నువ్వుగింజంత గోధుమ మచ్చలు ఆకంతా పడితే గోధుమ మచ్చ తెగులు. చూడటానికి చిన్నదే. 1942లో బెంగాల్‌లో వరిని తుడిచిపెట్టిన తెగులు ఇదే. మరుసటి ఏడు వచ్చిన కరువుకు యుద్ధమూ ప్రభుత్వ విధానాలూ కూడా కారణాలనుకోండి. ఆ కరువు తర్వాతే 1946లో కటక్‌లో కేంద్ర వరి పరిశోధన సంస్థ పెట్టారు.

నేను మోసపోయిన బాక్టీరియా ఎండాకు తెగులుకు గాజు గ్లాసు పరీక్ష చాలు. ఎండుతున్న ఆకును పచ్చదనం, ఎండుదనం కలిసే చోట కోసి, కోసిన కొస మంచినీళ్ళలో ముంచి, అయిదు పది నిమిషాలు కదపకుండా చూడండి. కొస నుంచి పాలలాంటి ధార సన్నగా దిగితే అది బాక్టీరియా. ఏ ఫంగస్ మందూ పనిచేయదు. యూరియా ఆపి, నీరు తీసేసి, అధికారిని అడగండి. మిరప ఆకులు ముడుచుకోవడం వైరస్ వల్లో, రసం పీల్చే పురుగుల వల్లో. బెండకు పసుపు పచ్చగా పట్టే మొజాయిక్ వైరస్ జబ్బు. వాటి మీదా ఫంగస్ మందు దండగే.

రెండో మెట్టు: ఒంటి మీద తామరకు

ట్యూబు కొనేముందు అట్ట మీద చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బెటామెథసోన్, మోమెటసోన్, డెక్సామెథసోన్ అనే పేర్లలో ఏదైనా ఉంటే వెనక్కి ఇచ్చేయండి. అవి స్టెరాయిడ్లు. ఒకే ట్యూబులో స్టెరాయిడ్, ఫంగస్ మందు, బాక్టీరియా మందు కలిపి అమ్ముతారు. స్టెరాయిడ్ దురదను ఆపుతుంది కాబట్టి మందు పనిచేసిందని మనం సంబరపడతాం. లోపల మాత్రం చర్మం తిరగబడే శక్తి తగ్గి ఫంగస్ హాయిగా పాకుతుంది. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి, తొడల మీద చారలు పడతాయి, ఆ చారలు మళ్ళీ పోవు. తామర గుండ్రటి రూపు కూడా చెదిరిపోవడంతో డాక్టరుకే పోల్చడం కష్టమవుతుంది. 2018లో కేంద్రం ఇలాంటి చాలా పూతమందుల్ని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అయినా మన బజార్లలో అడిగితే ఇస్తారు.

చిన్న మచ్చ ఒకటో రెండో ఉంటే క్లోట్రిమజోల్, టెర్బినఫిన్, లులికొనజోల్ లాంటి ఒట్టి ఫంగస్ పూత చాలవచ్చు. మచ్చ మీదే కాదు, అంచు దాటి రెండు వేళ్ళ వెడల్పు మేర రాయాలి. ఫంగస్ ఉండేది మానినట్టు కనిపించే నడిమధ్యలో కాదు, అంచులోనూ దాని అవతలా. మచ్చ పూర్తిగా పోయాక కూడా ఇంకో రెండు వారాలు రాయాలి. మనలో చాలామంది తప్పేది ఇక్కడే, దురద పోయిన రోజే ట్యూబు అటక ఎక్కుతుంది.

రెండు వారాల్లో తగ్గకపోయినా, మూడు నాలుగు చోట్ల ఉన్నా, ఇంట్లో ఇద్దరికి పైగా ఉన్నా డాక్టరు దగ్గరికే వెళ్ళండి. ఈ పదేళ్ళుగా మన దేశంలో వచ్చే తామర పాత తామర కాదు. 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టిన రకం ఒకటుంది. దీనిమీద టెర్బినఫిన్ చాలాసార్లు పనిచేయడం లేదు. ఇట్రాకొనజోల్ లాంటి మాత్రలు వారాల తరబడి వాడాల్సి వస్తుంది. అవి కాలేయం మీదా, గుండె మీదా, మీరు వేసుకునే ఇతర మాత్రల మీదా ప్రభావం చూపుతాయి, కాబట్టి పక్కింటాయన చీటీ చూసి కొనకండి. గర్భిణులు ముందే చెప్పాలి. ఆసుపత్రిలో చర్మాన్ని కాస్త గీరి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తారు, పెద్ద ఖర్చు కాదు. ఆ రోజు ఏ పూతా రాసుకోకుండా వెళ్ళండి. అంతకుముందు వాడిన ఖాళీ ట్యూబులు దాచుకుని పట్టుకెళ్ళండి. సిగ్గుపడక్కర్లేదు, నేను నాలుగు పట్టుకెళ్ళాను.

మందు ఎంత వాడినా తడి వదలకపోతే తామర వదలదు. నాకు డాక్టరు మొదట అడిగిన ప్రశ్న మొలతాడు గురించి. నల్లదారం ఎప్పుడూ తడిగా ఉండి ఫంగస్‌ను దాచుకుంటుంది. తీసేయమన్నారు. మా అమ్మ ఒప్పుకోలేదు. చివరికి తామర తగ్గాక కొత్తది కట్టుకోవాలన్న ఒప్పందం మీద తీశాను. తువ్వాలు ఎవరిది వారికే. లోదుస్తులు వేడినీళ్ళలో ఉతికి, తిరగేసి ఎండలో వేయాలి. వానల్లో ఎండ దొరకదు కాబట్టి కుట్ల మీద ఇస్త్రీ పెట్టె గట్టిగా నడపండి. బిగుతు జీన్స్ ఈ నాలుగు నెలలు పక్కన పెట్టండి. ఉభాల్లో, అంటే వరి నాట్లలో, దిగిన ఆడవాళ్ళకు మెట్టెల కింద, వేళ్ళ సందుల్లో చర్మం నాని తెల్లగా పాచిపోతుంది. ఇంటికి రాగానే సబ్బుతో కడిగి, వేలూ వేలూ విడదీసి పొడిగుడ్డతో తుడవాలి.

మెట్టతామర ఆకు నూరి రాయడం మన పెద్దల వైద్యం. ఆ ఆకులో ఫంగస్‌ను కాస్త అణిచే గుణం ఉన్నమాట నిజమే. చిన్న మచ్చకు నేను అడ్డు చెప్పను. గజ్జల్లో, పసిపిల్లల మీద మాత్రం వద్దు, మంటెత్తి పుండు పడుతుంది.

షుగరు ఉన్నవాళ్ళకు ఒక మాట. మళ్ళీ మళ్ళీ తామర, నోట్లో తెల్లపూత, గోళ్ళు పిప్పిగా మారడం, ఆడవాళ్ళకు దురదతో తెల్లబట్ట వస్తుంటే ఫంగస్ మందు కంటే ముందు రక్తంలో చక్కెర చూపించుకోండి. 2021లో కోవిడ్ రెండో అలలో బ్లాక్ ఫంగస్ ఎక్కువగా పట్టింది షుగరు అదుపు తప్పినవాళ్ళకూ, స్టెరాయిడ్లు ఎక్కువ వాడినవాళ్ళకూనే.

కళ్ళాల రోజుల్లో కన్ను: దీనికి వాయిదా లేదు

కోతల్లో వరి వెన్ను కంటికి కొట్టడం, నూర్పు మిషను దగ్గర పొట్టు పడటం మనకు మామూలు. ఆ గీత మీద ఫంగస్ చేరితే రెండు మూడు రోజుల్లో కన్ను ఎర్రబడి, నీరు కారి, నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ లేస్తుంది. "పువ్వు వేసింది" అంటాం కదా, చాలామందికి అది ఇలాగే వేస్తుంది.

నలుసు పడగానే శుభ్రమైన నీళ్ళతో కడగండి, నలపకండి. నాలుకతో నలుసు తీయించుకోవద్దు. చనుబాలు, ఆముదం, ఆకు పసరు పోయవద్దు. షాపులో "ఎర్రకన్ను చుక్కలు" అడగవద్దు, వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, ఫంగస్ ఉన్న కంట్లో అది పడితే గుడ్డు కరిగిపోవచ్చు. మరుసటి రోజుకు నొప్పి తగ్గకపోతే కంటి డాక్టరు దగ్గర ఉండాలి. ఫంగస్ అని తేలితే నాటమైసిన్ చుక్కలు మొదట్లో గంట గంటకూ, వారాల తరబడి వేయాలి. పెద్ద వైద్యం కావాలంటే బరంపురం మెడికల్ కాలేజీ ఉంది. విశాఖలోనూ భువనేశ్వర్‌లోనూ ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రులున్నాయి. మిషను దగ్గర నిలబడేవాళ్ళకు ప్లాస్టిక్ కళ్ళజోడు కొనివ్వండి, కూలివాళ్ళకు కూడా.

మూడో మెట్టు: చేనులో, విత్తనం దగ్గర నుంచి

తెగులు కనిపించాక కొట్టే మందు కంటే విత్తనానికి పట్టించే మందు చవక. వరి విత్తనం మండె కట్టేముందు లీటరు నీటికి గ్రాము కార్బండాజిమ్ కలిపిన నీళ్ళలో, కిలో విత్తనానికి లీటరు లెక్కన, 24 గంటలు నానబెట్టండి. పొడిగా ఎద పెట్టేవాళ్ళు కిలోకు 3 గ్రాములు పట్టించాలి. మోహన, ఆర్.ఉదయగిరి కొండల్లో పసుపు వేసేవాళ్ళు విత్తన దుంపల్ని లీటరుకు 3 గ్రాముల మాంకోజెబ్ కలిపిన నీళ్ళలో అరగంట ఉంచి, నీడలో ఆరబెట్టి నాటాలి. నీరు నిలిచే చోట నాటితే ఇదంతా వృథా, ఎత్తు మడులే చేయాలి. దుంపకుళ్ళు తెచ్చే పైథియం నిజానికి శాస్త్రం లెక్కలో ఫంగస్ కూడా కాదు, దాని దూరపు చుట్టం. అందుకే వరికి కొట్టే మందులు దాన్ని ఆపవు. దానికి మెటలాక్సిల్ కలిసిన మందు పాదుల్లో పోయాలి.

రసాయనం తగ్గించాలనుకుంటే ట్రైకోడెర్మా మంచి దారి. ఇది కూడా ఫంగసే, కానీ మన పక్షం, చెడ్డ ఫంగస్‌ను తినేసేది. 90 కిలోల బాగా చివికిన గెత్తం (పశువుల ఎరువు), 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, తడి చిలకరించి, నీడలో గోనెపట్టా కప్పండి. వారం పది రోజులకు తెల్లగా, తర్వాత పచ్చగా బూజు కమ్ముతుంది. అప్పుడు దుక్కిలో చల్లండి. పచ్చి పేడలో కలిపితే వేడికి చస్తుంది. అదే వారం ఆ మడిలో ఫంగస్ మందు పోయకండి.

యూరియా సంగతి. మబ్బు పట్టి, రాత్రిళ్ళు 20 నుంచి 25 డిగ్రీల చల్లదనం ఉండి, తెల్లారి ఆకు మీద మంచు నిలిచే రోజుల్లో అగ్గి తెగులు లేస్తుంది. అలాంటి వారంలో యూరియా చల్లితే తెగులుకు మేత వేసినట్టే. మూడు దఫాలుగా వేయండి, తెగులు కనిపిస్తే ఆపండి. సాంబ మసూరి వేసేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, అది ఈ తెగులుకు తొందరగా లొంగుతుంది. కొండ మీద చోళ్ళకు (రాగులకు) వచ్చే అగ్గి తెగులు కూడా ఈ జాతిదే.

నాలుగో మెట్టు: పిచికారీ

అగ్గి తెగులుకు లీటరు నీటికి ట్రైసైక్లజోల్ 75 శాతం పొడి 0.6 గ్రాములు, లేదా ఐసోప్రొథయోలేన్ 1.5 మిల్లీలీటర్లు, లేదా కాసుగామైసిన్ 2.5 మిల్లీలీటర్లు. పాముపొడకు హెక్సాకొనజోల్ 2 మిల్లీలీటర్లు, లేదా వాలిడామైసిన్ 2 మిల్లీలీటర్లు. మందు కాండం మొదళ్ళకు తగలాలి, పైన ఆకులు తడిపితే లాభం లేదు. మానిపండుకు ప్రోపికొనజోల్ 1 మిల్లీలీటరు, పొట్ట దశలో ఒకసారి, పూత సగం వచ్చాక ఒకసారి. ఉండలు కనిపించాక కొట్టడం దండగ. మెడవిరుపూ అంతే, ముందు ఆకు మీద మచ్చలుంటే వెన్ను తీసేలోగానే కొట్టాలి. ఎకరాకు 200 లీటర్ల నీళ్ళు పడతాయి. నాలుగు డబ్బాలతో ఎకరం కొట్టేశానని చెప్పే కూలీని నమ్మకండి.

మందు ఏదైనా ఒకటే కొట్టాలి. పురుగుమందు, ఫంగస్ మందు, టానిక్ కలిపి ఒకే ట్యాంకులో పోయించే దుకాణాలున్నాయి, అదీ ఆ మూడు కలిపిన ట్యూబు లాంటిదే. పేరు చివర "కొనజోల్" ఉన్నవన్నీ ఒకే కుటుంబం. ఈసారి హెక్సాకొనజోల్, వచ్చేసారి ప్రోపికొనజోల్ అంటే మందు మార్చినట్టు కాదు. ఇట్రాకొనజోల్, ఫ్లుకొనజోల్ అనే మనుషుల మాత్రలూ ఈ కుటుంబానివే. పొలాల్లో ఈ మందులకు అలవాటుపడిన ఆస్పర్‌జిల్లస్ ఆసుపత్రిలో మాత్రకూ లొంగని సందర్భాలు చాలా దేశాల్లో బయటపడ్డాయి. చీటికీమాటికీ కొట్టొద్దని నేను అనేది అందుకు.

పాదులకూ నారుమడికీ ఇంట్లోనే చేసుకోదగ్గది బోర్డో మిశ్రమం. ఫ్రాన్స్‌లో బోర్డో ఊరి దగ్గర ద్రాక్ష తోటల్లో మిల్లార్డే అనే ఆయన 1885లో దీన్ని లోకానికి చెప్పాడు. కిలో మైలుతుత్తం 50 లీటర్ల నీళ్ళలో, కిలో సున్నం ఇంకో 50 లీటర్లలో, రెండూ ప్లాస్టిక్ డ్రమ్ముల్లో కరిగించి, తుత్తం నీళ్ళను సున్నం నీళ్ళలో పోస్తూ కర్రతో కలపాలి. ఇనప కత్తి ఒక నిమిషం ముంచి తీస్తే దాని మీద ఎర్రటి పూత కనిపిస్తే సున్నం చాలలేదని గుర్తు, ఇంకాస్త కలపండి. ఆ రోజే వాడేయాలి.

అయిదో మెట్టు: కళ్ళం నుంచి కొట్టు దాకా

మనకు తుపానులు కోతల ముందే వస్తాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు తడిసిన పనలు ఎలా నల్లబడ్డాయో చూశాం. బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగలో అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది. వండినా వేయించినా పోదు, కాలేయాన్ని తింటుంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గ్రామాల్లో బూజు మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయారు. బూజు గింజలు ఏరి పశువులకు పెట్టడం మన అలవాటు. అది కూడా మానండి, విషం పాలలోకి దిగుతుంది.

గింజ ఆరిందో లేదో పళ్ళతో కొరికి చెప్పేవాళ్ళున్నారు. అంతకన్నా నమ్మకమైనది ఉప్పు సీసా. పొడి గాజు సీసాలో మూడో వంతు మొక్కజొన్న గింజలు, రెండు చెంచాల బాగా ఎండిన ఉప్పు వేసి, మూత బిగించి నిమిషం ఊపండి. పావుగంట ఉంచి చూడండి. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే తేమ 15 శాతం దాటింది, ఇంకో ఎండ కావాలి. వేరుశనగ కాయ చెవి దగ్గర ఊపితే గింజ గలగలమనాలి. బస్తాలు నేల మీద కాదు, చెక్కల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టండి.

ఎవరిని అడగాలి

గజపతి జిల్లావాళ్ళకు ఆర్.ఉదయగిరిలో, రాయగడ జిల్లావాళ్ళకు గుణుపురంలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. ఒడిశా నుంచి చేస్తే మొదట ఒడియాలో పలుకుతారు, తెలుగు కావాలని అడగండి. మొక్కను చూపించడానికి తీసుకెళ్ళేటప్పుడు పూర్తిగా చచ్చినదాన్ని కాకుండా, సగం పచ్చగా సగం జబ్బుగా ఉన్నదాన్ని వేరుతో పీకండి. పాలిథిన్ కవర్లో వేస్తే చెమట పట్టి దారిలోనే ఇంకో బూజు మొలుస్తుంది, అధికారి ఆ బూజుకు మందు రాస్తాడు. పాత పేపరులో చుట్టి, ఎప్పుడు నాటారో, ఏ మందు ఎప్పుడు కొట్టారో దాని మీదే పెన్నుతో రాసి పట్టుకెళ్ళండి.